కుడి చేతి పగులు

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు వచ్చింది తల నెరిశాక. ఒత్తులూ దీర్ఘాలూ ఇంకా నా మాట వినవు. ఒక్కో వాక్యం కూడబలుక్కుని రాసేసరికి పొయ్యి మీద పాలు పొంగిపోతుంటాయి. తప్పులుంటే దిద్దుకుని చదవండి, నిదానంగా నడిస్తే ఓర్చుకోండి. ఇందులో కొంత నేను చూసింది, ఎక్కువ భాగం ఇంజనీరు గారు చెప్పింది. ఆయన నా దగ్గర ఏదీ దాచలేదు. నేనూ దాచడం లేదు.

విరిగిన చెయ్యి సోమవారం పొద్దున్నే పొడవాటి లారీ మీద వచ్చింది. పైన నీలం పట్టా కప్పి, తాళ్ళతో బిగించి, శవాన్ని తెచ్చినట్టు తెచ్చారు. ఫ్యాక్టరీ వెనక ఖాళీ స్థలంలో క్రేను దాన్ని దించుతుంటే టీ తాగే వంకతో ప్రతి షెడ్డులోంచీ మనుషులు బయటికొచ్చారు. ఎవరి గ్లాసులోనూ టీ మాత్రం తగ్గలేదు.

రాళ్ళూ మట్టీ ఎత్తి లారీల్లో పోసే పెద్ద లోడరుకి ముందు ఒక బకెట్టు ఉంటుంది. దాన్ని మోయడానికి రెండు ఉక్కు చేతులు, ఎడమదొకటీ కుడిదొకటీ. ఒక్కోటి నిలబెడితే ఇంటి కప్పు తగులుతుంది. షెడ్డులో వాళ్ళు వాటిని కవలలు అంటారు. ఆ కవలల్ని గీసింది ఇంజనీరే. రాళ్ళ గని దగ్గర బకెట్టు నిండా బండలు ఎత్తి ఉండగా కుడిచెయ్యి ఒక్క చప్పుడుతో విరిగి, బండలన్నీ కేబిన్ మీద పడ్డాయట. డ్రైవరు బతికాడు. నడుము కింద ఏమీ తెలియడం లేదని ఆసుపత్రి నుంచి కబురు.

ఇంజనీరు పట్టా తొలగించి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. విరిగిన అంచు బూడిద రంగులో గరుకుగా, విరిచిన బెల్లం ముక్కలా ఉంది. ఒక్క మూల మాత్రం నున్నగా, గవ్వ లోపలి చారల్లా ఒకదాని పక్కన ఒకటి సన్నటి గీతలు. ఆ గీతలు అతనికి తెలుసు. చెయ్యి ఒక్కరోజులో విరగలేదు. అక్కడ మొదలై, బకెట్టు ఎత్తినప్పుడల్లా వెంట్రుకవాసి జరుగుతూ, చాన్నాళ్ళు పగిలింది. పగులు మొదలైన చోటుకి ఆనుకునే ఒక వెల్డింగు అతుకు ఆగి ఉంది. ఆ అతుకు పక్కన ఉక్కు మీద ఒక నంబరు.

ఆ షెడ్డులో అదొక పద్ధతి. ఏ అతుకు ఎవరు వేస్తే దాని పక్కనే వాళ్ళ నంబరు ఇనుప అచ్చుతో కొట్టి తీరాలి. రంగు వేసినా పోదు, తుప్పు పట్టినా పోదు. అతికినవాడు పోయినా నంబరు ఉంటుంది. గీసినవాడి పేరు కాగితం మీద ఉంటుంది గానీ, కాగితం రాళ్ళ గనికి పోదు కదా.

"ఎవరిది?" అన్నాడు క్వాలిటీ ఆఫీసరు, చేతిలో పగుళ్ళు బయటపెట్టే ఎర్ర ద్రావకం డబ్బా ఆడిస్తూ.

జనంలోంచి పెద్ద వెల్డరు వచ్చాడు. షెడ్డంతా ఆయన్ని మేస్త్రీ అంటుంది. అక్కడ వెల్డింగు గన్ను పట్టినవాళ్ళలో సగం మంది ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే. వంగి, బొటనవేలితో మట్టి తుడిచి, నంబరు చూసుకున్నాడు. నంబరు చదవడానికి కళ్ళజోడు అక్కర్లేకపోయినా జేబులోంచి తీసి పెట్టుకున్నాడు.

"నాదే సార్," అన్నాడు.

"ఏం మేస్త్రీ, చేత్తో కాకుండా నోటితో అతికావా?" అని క్రేను మీద నుంచి ఎవడో అరిచాడు. రోజూ అయితే మేస్త్రీ దానికి మూడింతల జవాబిచ్చేవాడు. ఇవాళ తల ఎత్తలేదు. ఆ అరిచినవాడే కాసేపటికి క్రేను దిగొచ్చి, పక్కన నిలబడ్డాడు.

మేస్త్రీ ఇంజనీరు వైపు తిరిగాడు. "సార్, మీరెప్పుడూ అంటారే, నా అతుకు ఊడితే మీ గీత చెరిపేసుకుంటానని. ఊడిందే మరి."

"ఊడలేదు మేస్త్రీ. అతుకు నిలబడే ఉంది. పగిలింది పక్కన రేకు."

"అతుకు పక్కన పగిలితే అతుకుదే కదా సార్ పాపం," అన్నాడాయన. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. ఎంతసేపు తుడిచినా మళ్ళీ పెట్టుకోలేదు.

ఇంజనీరు పైకి వెళ్ళి తన కుర్చీలో కూర్చుని కంప్యూటరు తెరిచాడు. ముందు ఎడమచెయ్యి తెచ్చాడు. అద్దె ఇల్లు మారిన మనిషికి పాత ఇంటి గోడల మీద మేకులు గుర్తున్నట్టు అతనికి ఆ చేతిలో ప్రతి వంపూ గుర్తుంది. చేతిని పైకెత్తే సిలిండరు పిన్ను పట్టే చెవిలాంటి రేకు, ఆ చెవి చుట్టూ అతుకు, ఆ అతుకు ఆగే చోటు. అతుకు ఎక్కడ ఆగుతుందో అక్కడే ఉక్కు ముందు అలిసిపోతుంది. అందుకే దాన్ని వంపు దగ్గర ఆపకూడదు, దూరంగా తీసుకెళ్ళి ఆపాలి. పరీక్షల కాలంలో చేతి మీద ఉక్కు ఎంత సాగుతుందో కొలిచే సన్నటి పట్టీలు అంటించి, బకెట్టులో బరువులు వేసి చూసినప్పుడు ఆ వంపు దగ్గర లెక్క ఎక్కువొచ్చింది. అప్పుడే అతుకు చివర జరిపి ఎడమచెయ్యి మార్చాడు. పట్టీలు ఎప్పుడూ ఎడమచేతికే అంటిస్తారు. రెండూ కవలలే కదా, రెండోదానికెందుకు దండగ అని.

డ్రాయింగు కింద ఎప్పుడూ ఒకటే మాట ఉంటుంది: చూపింది ఎడమది, కుడిది దీనికి ఎదురు. కుడిచెయ్యి విడిగా గీయరు. ఎడమదాన్ని అద్దంలో తిప్పినట్టు తిప్పితే కుడిది వస్తుంది. ఎడమది మారిస్తే కుడిది దానంతటదే మారుతుంది. మారాలి.

అతను కుడిచెయ్యి తెరిచాడు. అతుకు వంపు దగ్గరే ఆగి ఉంది.

మూసి మళ్ళీ తెరిచాడు. అక్కడే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. ఫైలు తెరుచుకోవడానికి యుగం పడుతోందని, రేకు కోసే కాంట్రాక్టరు ఫోను మీద ఫోను చేస్తున్నాడని, ఎడమకీ కుడికీ మధ్య ఉన్న ముడి తనే తెంపాడు. ఒక్క నొక్కు. ఫైలు చకచకా తెరుచుకుంది, కాంట్రాక్టరు సంతోషించాడు. తర్వాత ఎడమది మార్చిన రోజున ఆ ముడి తెంపిన సంగతే గుర్తులేదు. కవలల్లో ఒకడికి అన్నం పెట్టి, రెండోవాడు కూడా తిన్నాడనుకున్నాడు.

పక్క కుర్చీలో అమ్మాయి "సార్, ఈ బోల్టుకి వాషరు చాలా?" అని అడిగితే, "చాలు" అన్నాడు. ఏ బోల్టో చూడలేదు. మరుక్షణం ఉలిక్కిపడి, "ఆగు, ఆగు, చూడనీ" అని లేచాడు.

ఇంట్లో ఆ సాయంత్రం వంటింటి కుళాయి కారుతోంది.

"కొండలు మోసే మెషీన్లు గీస్తారట. ఇంట్లో కుళాయి కట్టలేరు," అంది భార్య. "మీ ఫ్యాక్టరీకి ఫోను చేసి ఒక మనిషిని పంపమననా?"

అతను పానా తీసుకుని కుళాయి కింద కూర్చున్నాడు. నట్టు బిగించి, వదులు చేసి, మళ్ళీ బిగించి, అక్కడే కూర్చుండిపోయాడు. కూతురు వచ్చి, "నాన్నా, నీళ్ళు ఆగిపోయాయిగా, ఇంకా ఏం చూస్తున్నావు?" అంది.

"మళ్ళీ వస్తాయేమోనని."

భార్య చేతులు తుడుచుకుంటూ అతని మొహం చూసింది. "ఏమండీ, ఆ డ్రైవరుకేమైనా అయిందా?"

"లేదు. ఉన్నాడు."

"మరేంటి?"

చెప్పాడు. ఆవిడ గోడకి ఆనుకుని అంతా వింది. చివరికి, "మీరు కావాలని చేశారా?" అంది.

"లేదు."

"అయితే చెప్పెయ్యండి," అంది. కూతురు వెళ్ళిందో లేదో చూసుకుని, గొంతు తగ్గించింది. "చెప్తే ఏమవుతుంది?"

అతను పానా తీసి పెట్టెలో పెట్టాడు.

మంగళవారం డిజైను విభాగం చీఫ్ గదికి వెళ్ళాడు. చీఫ్ మంచివాడే. కొత్తగా చేరినవాళ్ళకి తనే దగ్గర కూర్చుని గీయడం నేర్పుతాడు. ఇంజనీరుకి కూడా నేర్పింది ఆయనే. ఇంజనీరు రెండు చేతుల బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపించేసరికి ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"తమ్ముడూ, ఆ తలుపు వెయ్యి."

వేశాడు.

"ఎన్ని కళ్ళు చూశాయి దీన్ని?"

"నావే సార్."

"ఇప్పుడు నావి కూడా. ఇక చాలు."

"సార్, బయట తిరుగుతున్న ప్రతి మెషీనుకీ కుడిచెయ్యి ఇలాగే ఉంది."

"అందుకే చెప్తున్నా. అతుకు తప్పంటే తప్పు ఒక మెషీనుది. గీత తప్పంటే అన్నిటిదీ. అన్నిటినీ ఆపమంటే ఈ ఫ్యాక్టరీ తలుపులు మూసుకుంటాం. షెడ్డులో ఉన్నవాళ్ళంతా ఎక్కడికి పోతారు? నువ్వు తీసుకెళ్ళి మీ ఇంట్లో పెట్టుకుంటావా?"

"అయితే అలా వదిలెయ్యమంటారా?"

"వదిలెయ్యమని ఎవడన్నాడు? ఇవాళే కుడిది సరిచెయ్యి. పాత మెషీన్లు సర్వీసుకి వచ్చినప్పుడు వచ్చినట్టు చేతికి ఆ వంపు మీద ఒక ఉక్కు బిళ్ళ అతికిద్దాం. పేరు మాత్రం మెరుగుదల అని రాద్దాం."

"అప్పటిదాకా?"

"అప్పటిదాకా వాటి అదృష్టం." చీఫ్ ముక్కు మీద కళ్ళజోడు సర్దుకున్నాడు.

"మరి మేస్త్రీ సార్?"

"ఆయనకి ఇంకెంతోకాలం సర్వీసు లేదు. నీకు చదువుకునే పిల్ల ఉంది. నువ్వు గీసిన ప్రతి కాగితం కింద నా సంతకం కూడా ఉంది, అది మర్చిపోకు. తమ్ముడూ, నిన్ను కూర్చోబెట్టి గీత గీయడం నేర్పాను. ఇప్పుడు నోరు మూసుకోవడం కూడా నేనే నేర్పాలా?"

ఇంజనీరు వెళ్ళి కుడిచెయ్యి సరిచేశాడు. అతుకు చివర పట్టుకుని వంపు నుంచి దూరంగా జరిపాడు. టీ చల్లారేలోపు అయిపోయింది. ఒక మనిషి నడుము విరగ్గొట్టిన తప్పు అంత సులువుగా సర్దుకుంది.

బుధవారం విచారణ. పొడవాటి బల్ల, బల్ల మీద తెల్లగుడ్డ, గుడ్డ మీద అతుకులోంచి కోసి, మెరిసేదాకా అరగదీసిన ఉక్కు ముక్క. క్వాలిటీ ఆఫీసరు దాని మీద భూతద్దం అమర్చాడు. అతుకు మధ్యలో ఆవగింజంత గుంట కనిపిస్తోంది. గాలి బుడగ. కరిగిన లోహం గట్టిపడేటప్పుడు లోపల చిక్కుకున్న గాలి. ఏ అతుకు కోసినా అలాంటిది ఒకటి దొరుకుతుంది, దొరకకపోతే ఇంకోచోట కోస్తే దొరుకుతుంది. అంతమాత్రం ఉండొచ్చని నియమాల్లోనే ఉంది. పగులుకీ దానికీ సంబంధం లేదు, పగులు ఉన్నది అవతలి మూల. ఆ సంగతి ఆ గదిలో ముగ్గురికి తెలుసు. తెలియనిది మేస్త్రీకి. ఆయన అతికినవాటిని కోసి, అరగదీసి, భూతద్దం కింద పెట్టి ఇంతకుముందు ఎవరూ ఆయనకి చూపించలేదు.

"వచ్చి చూడండి," అన్నారు.

ఉతికిన చొక్కా మెడ దాకా బొత్తాలు పెట్టుకుని వచ్చాడు మేస్త్రీ. వంగి ఒక కన్ను మూసి చూశాడు. చాలాసేపు చూశాడు. తల ఎత్తి, తన కుడి అరచెయ్యి తిప్పి చూసుకుని, మళ్ళీ వంగాడు.

"ఇది నా అతుకులోదేనా సార్?"

"పక్కన నీ నంబరే ఉంది కదా."

"అవును," అన్నాడు. "ఉంది."

"ఆ రోజు ఏమైనా ఆరోగ్యం బాగాలేదా? చెయ్యి వణికిందా? గ్యాసు సరిగ్గా రాలేదా?"

ఏదో ఒక సాకు చేతికిద్దామన్నట్టుగానే అడిగారు. మేస్త్రీ మొహంలో వెతుకులాట కనిపించింది. ఏ రోజు, ఏ చెయ్యి, ఎప్పటి సంగతి. రోజుకిన్ని చేతులు అతికే మనిషికి ఏ ఒక్కటి గుర్తుంటుంది? "గుర్తులేదు సార్," అన్నాడు. "వణికే ఉంటుంది. లేకపోతే ఇదెక్కడి నుంచి వస్తుంది?"

అప్పుడు పెద్దాయన, ఫ్యాక్టరీ మొత్తానికి పెద్ద, బల్ల ఈ చివరికి తిరిగాడు. "డిజైను తరఫున చెప్పవలసిందేమైనా ఉందా?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. చీఫ్ పెన్ను మూత తీసి పెడుతున్నాడు, పెట్టి తీస్తున్నాడు. మేస్త్రీ ఇంజనీరు వైపు చూశాడు. ఆ చూపులో అడగడం ఏమీ లేదని ఇంజనీరు నాకు తర్వాత చెప్పాడు. సిగ్గు పడుతున్నవాడు తెలిసినవాడి మొహం వైపు చూస్తాడే, అలా చూశాడట.

"లెక్కలు సరిపోయాయి సార్," అన్నాడు ఇంజనీరు.

అది అబద్ధం కాదు. ఎడమచేతి లెక్కలు సరిపోయాయి.

గురువారం మేస్త్రీ పనిలోకి రాలేదు. వెల్డరు కార్డు రద్దు చేశారని షెడ్డులో చెప్పుకున్నారు. పరీక్ష పాసైనవాళ్ళకిచ్చే ఆ కార్డు లేనిదే ఇక్కడే కాదు, ఏ ఫ్యాక్టరీ గేటూ తెరుచుకోదు. మధ్యాహ్నం దాకా ఇంజనీరు ఒక్క గీత గీయలేదు. పక్క కుర్చీ అమ్మాయి రెండుసార్లు పిలిచింది, మూడోసారి పిలవడం మానేసింది. సాయంత్రం స్కూటరు తీసి, దారి అడుగుతూ అడుగుతూ మేస్త్రీ ఇల్లు పట్టుకున్నాడు.

ఒకటే ముందుగది, వెనక వంటిల్లు. మేస్త్రీ గోడవారగా బల్ల మీద కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి గాల్లో నెమ్మదిగా అటూ ఇటూ ఆడుతోంది, గన్ను పట్టుకున్నట్టు, అతుకు నడిపిస్తున్నట్టు. మనిషి వచ్చాడని చూసి చెయ్యి దించేశాడు.

"సార్! మీరా! ఏమే, కుర్చీ తుడువు. ఇంజనీరు గారొచ్చారు."

"కుర్చీ శుభ్రంగానే ఉంది. తుడిస్తే అరిగిపోతుంది," అంది ఆయన భార్య, అయినా కొంగుతో తుడిచింది. నీళ్ళిచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది.

ఇంజనీరు నీళ్ళు ముట్టలేదు. "మేస్త్రీ, తప్పు మీది కాదు. నాది."

"ఏమిటి సార్?"

రెండు అరచేతులూ ఎత్తి చూపించాడు. ఇది ఎడమ, ఇది కుడి అన్నాడు. ఇక్కడ అతుకు ఆగకూడదు, ఇక్కడికి జరిపాను, ఇటు మాత్రం జరపలేదు అన్నాడు. మీరు నేను గీసినచోటే ఆపారు, నేను గీసిన చోటే తప్పు అన్నాడు. ముడి తెంపిన సంగతి, చీఫ్ తలుపు వెయ్యమన్న సంగతి, లెక్కలు సరిపోయాయని తను అన్నది ఏ చేతి గురించో, అన్నీ చెప్పాడు. గుమ్మంలో నిలబడ్డ ఆవిడ ఒక అడుగు లోపలికి వేసింది.

మేస్త్రీ అడ్డురాకుండా విన్నాడు. అంతా అయ్యాక నవ్వాడు. ఏడ్చే పిల్లవాణ్ణి చూసి పెద్దవాళ్ళు నవ్వే నవ్వు అది.

"సార్, మీది మంచి మనసు. కానీ ఈ మాట ఇంకెక్కడా అనకండి. పిల్ల ఉంది మీకు."

"నేను మిమ్మల్ని ఓదార్చడానికి చెప్పడం లేదు మేస్త్రీ. నిజం చెప్తున్నాను."

"నేను చూశాను కదా సార్ ఆ బుడగ. ఈ కళ్ళతో."

"బుడగ ప్రతి అతుకులోనూ ఉంటుంది!"

"నా దాంట్లో ఉండదనుకునేవాణ్ణి," అన్నాడు మేస్త్రీ.

ఇంజనీరు మళ్ళీ అరచేతులు ఎత్తి చూపించబోయాడు.

"అందరూ అలాగే అంటున్నారు సార్. క్రేనువాడు వచ్చి రేకు నాసిరకం అన్నాడు. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు వచ్చి గ్యాసు కలుషితం అన్నారు. ఇప్పుడు మీరొచ్చి గీత తప్పంటున్నారు. ఇంతమంది నన్ను కాపాడాలని చూస్తున్నారంటే అంతకన్నా ఏం కావాలి చెప్పండి? కానీ ఆ డ్రైవరు మంచం మీద ఉన్నాడు. ఎవరో ఒకరు అవును నాదే అనాలి కదా. పొద్దున పిలిపించారు. సంతకం పెట్టేసి వచ్చాను." రెండు చేతులూ జోడించాడు. "మీరు ఇంత దూరం వచ్చి ఈ మాటన్నారు. అది చాలు నాకు."

దణ్ణం పెడుతున్న ఆ చేతుల్ని ఇంజనీరు పట్టుకుని దించబోయాడు. మేస్త్రీ బలమైన మనిషి, దించనివ్వలేదు.

స్కూటరు దగ్గరికి వెళ్ళేసరికి వెనక చెప్పుల చప్పుడు. మేస్త్రీ భార్య.

"బాబూ, మీరు చెప్పింది నిజమేనా?"

"నిజమేనమ్మా."

"నా మీద ఒట్టు?"

"ఒట్టమ్మా."

ఆవిడ వీధి అటూ ఇటూ చూసింది. "నాకు చదువు రాదు. ఎడమా కుడీ తెలుసు. మీరు చేతులు తిప్పి చూపిస్తుంటే నాకు అర్థమైంది, ఆయనకి అర్థం కాకపోవడమేమిటి? అర్థం చేసుకోకూడదనుకున్నాడు. నిన్న రాత్రి అన్నం కలుపుతూ ఆగిపోయి, చెయ్యి చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ చేత్తోనే నా చెయ్యి పట్టుకుని తెచ్చుకున్నాడు బాబూ. దాన్నే పరాయిదాన్ని చూసినట్టు చూస్తున్నాడు." స్కూటరు హ్యాండిలు పట్టుకుంది. "మా ఇంట్లో చెప్తే ఏం లాభం? ఆ గదిలో చెప్పండి."

"రేపు చెప్తానమ్మా."

"నిన్నే చెప్పాల్సింది," అంది ఆవిడ. తిట్టినట్టు కాదు. ఉన్నమాట అన్నట్టు అని, లోపలికి వెళ్ళిపోయింది.

శుక్రవారం పొద్దున ఇంజనీరు చీఫ్‌ని దాటుకుని నేరుగా పెద్దాయన గదికి వెళ్ళాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. భార్య గుమ్మం దాకా వచ్చి, కాలరు సర్ది పంపించింది. ఉద్యోగం ఉండదనుకున్నాడు. కోర్టు దాకా పోవచ్చనుకున్నాడు. ఆ రెండూ తలుచుకుంటే భయం వేసింది గానీ, ఆ భయంలో ఒక ఊరట కూడా ఉందట.

పెద్దాయన అంతా విన్నాడు. మధ్యలో ఫోను మోగితే తీయలేదు. చీఫ్‌ని పిలిపించాడు. చీఫ్ వచ్చి తలుపు పక్కనే నిలబడ్డాడు.

"ఇతను చెప్పేది నిజమేనా?"

"కుడిచెయ్యి సరిగ్గానే ఉంది సార్, మీరే చూడొచ్చు," అన్నాడు చీఫ్.

"మంగళవారం నేను సరిచేశాక ఉంది!" అన్నాడు ఇంజనీరు.

"సరిచేశావు కదా మరి," అన్నాడు పెద్దాయన నెమ్మదిగా. "కూర్చో. చూడు, నిన్ను నమ్మడం లేదని అనుకోకు. నమ్ముతున్నాను. పాత మెషీన్లకి బిళ్ళలు వేయిస్తాను, మాటిస్తున్నా. కానీ వెల్డరు ఒప్పుకుని సంతకం పెట్టాడు. ఎవరూ బలవంతపెట్టలేదు. అది పైకి వెళ్ళిపోయింది. ఒప్పుకున్నవాడు ఒకడుండగా, ఇంకొకడి ఒప్పుకోలు ఎవరికి కావాలి?"

"అది తప్పుడు ఒప్పుకోలు సార్."

"ఆయన్నే అడుగుదామా? పిలిపించనా? వచ్చి ఏమంటాడో నీకు తెలుసా?"

ఇంజనీరుకి తెలుసు. నిన్న సాయంత్రమే విన్నాడు.

"అయితే నేను మానేస్తాను."

"మానేస్తే ఆ బిళ్ళలు ఎవరు గీస్తారు?" అన్నాడు పెద్దాయన. అది బెదిరింపు కాదు, ఎత్తిపొడుపూ కాదు. నిజంగానే అడిగాడు. "ఏ మెషీనులో ఎక్కడ పగులుతుందో నీకంటే ఎవరికి తెలుసు? నువ్వు పోతే ఇంకో డ్రైవరు నడుము విరుగుతుంది. వెళ్ళు. రెండు రోజులు పడుకో. సోమవారం రా."

చీఫ్ అతని కోసం తలుపు తెరిచి పట్టుకున్నాడు. బయట నడవాలో, "తమ్ముడూ, భోజనం చేశావా?" అని అడిగాడు.

తప్పు ఒప్పుకుంటే శిక్ష పడుతుందనుకున్నాడు ఇంజనీరు. శిక్ష కూడా ఇవ్వలేదు. తన కుర్చీలోకి వచ్చి కూర్చున్నాడు. బిళ్ళ ఎంత మందం ఉండాలి, ఏ ఆకారంలో కొయ్యాలి, దాని చుట్టూ అతుకు ఎక్కడ ఆగాలి అని గీయడం మొదలుపెట్టాడు. చెయ్యి దానంతటదే గీస్తోంది. గీత చక్కగానే వస్తోంది. ఎడమచేతికి ఒక బిళ్ళ గీశాడు. తిప్పలేదు. కుడిచేతికి విడిగా, మొదటి గీత నుంచీ మళ్ళీ గీశాడు.

సాయంత్రం మేస్త్రీ ఇంటికి వెళ్ళాడు. వెళ్ళకపోతే బాగుండేదని దారంతా అనుకుంటూనే వెళ్ళాడు. ఆయన భార్య గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని చేటలో బియ్యం చూస్తోంది. అతని మొహం చూసి చేట పక్కన పెట్టింది.

"చెప్పారా?"

"చెప్పానమ్మా."

"ఏమన్నారు?"

"ఆయన ఒప్పుకున్నాడు కాబట్టి నాది అక్కర్లేదన్నారు."

ఆవిడ బియ్యంలోంచి ఒక రాయి తీసి వీధిలోకి విసిరింది. "అయితే మీరు రేపటి నుంచి మామూలుగానే పనికి వెళ్తారా?"

"సోమవారం నుంచి."

"వెళ్ళండి," అంది. "మీరైనా వెళ్ళండి."

ఈలోగా పక్కింటావిడ వచ్చింది, కొంగు బొడ్లో దోపుకుని, చేతిలో తుప్పు పట్టిన మడతబందు ఒకటి ఊపుకుంటూ. లోపలికి తొంగి చూసి గట్టిగా పిలిచింది. "అన్నయ్యా! మా గేటు ఊడి వేలాడుతోంది. ఇంట్లోనే ఉన్నావుగా, వచ్చి ఒక్క చుక్క పెట్టిపో. నీ మరిది రెండ్రోజులుగా తాడుతో కడుతున్నాడు. ఆయన పెళ్ళినాడు వేసిన ముడే ఇంకా వదులు, గేటుకి వేసింది నిలుస్తుందా?"

మేస్త్రీ లోపలి నుంచి గుమ్మంలోకి వచ్చాడు. ఇంజనీరుకి తల ఊపి, ఆవిడ చేతిలోని మడతబందు వైపు చూశాడు. అందుకోలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"వద్దమ్మా. సెంటర్లో షాపుంది, అక్కడివాణ్ణి పిలువు."

"ఇదేం మాట! అంతంత మెషీన్లు అతికేవాడివి. మా గేటంటే చిన్నతనమా?"

"చిన్నతనం కాదమ్మా."

"మరి?"

ఇంజనీరు అక్కడే, మెట్టు కింద నిలబడి ఉన్నాడు. మేస్త్రీ అతని వైపు చూడలేదు. పక్కింటి గేటు వైపు చూశాడు. ఒక పక్కకి ఒరిగి, తాడుకి వేలాడుతోంది అది.

"మీ మనవలు ఆ గేటు పట్టుకుని ఊగుతారు," అన్నాడు.

రాసింది: అందరూ సన్నమ్మ అంటారు. ఆ మేస్త్రీ భార్యను నేనే. నాకు అరవై తొమ్మిదో ఏడు. ఇప్పుడు నా తమ్ముడి కూతురి ఇంట్లో, వెనక వరండా పక్క గదిలో ఉంటున్నాను.